ముందు తిరుగు టికెట్లు కొను

చిరంజీవి మేనకోడలికి, అత్త ఆశీర్వదించి రాస్తున్నది.

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. నువ్వు సొంతంగా సినిమా తీస్తున్నావని, సగం షూటింగ్ పరాయి దేశంలో ఉందని, చేతిలో డబ్బు మాత్రం చాలా తక్కువని గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. తెలియని దేశంలో చిక్కుకుపోయిన ప్రయాణికుడి కథ, నవ్విస్తూనే గుండె పట్టేసేలా ఉంటుందని కూడా అన్నాడు. చాలా గర్వంగా అనిపించింది. ఫోన్ పెట్టేశాక మాత్రం టెన్షన్ మొదలైంది. ఇన్నేళ్లు ప్రొడక్షన్‌లో పనిచేసినదాన్ని, నాకు ముందు కనిపించేది నీ హీరో కష్టాలు కాదు, నీ వెనక వచ్చే యూనిట్ కష్టాలు. అవి తర్వాత రాస్తాను. ముందు కథ సంగతి చూద్దాం.

పాస్‌పోర్ట్ పోవడం వల్లే అతను చిక్కుకుపోతాడట కదా. హాల్లో కూర్చున్నవాళ్లు వెంటనే అడిగే ప్రశ్న ఒకటే: ఎంబసీకి వెళ్లొచ్చు కదా? ఆ ప్రశ్నకు నీ స్క్రిప్టులో జవాబు ఉండాలి, తొందరగా ఉండాలి. జవాబు కోసం ఏదో కల్పించనక్కర్లేదు, నిజంగా జరిగే పద్ధతిలోనే బోలెడంత కథ ఉంది. ముందు పోలీసు ఫిర్యాదు. ఆ కాగితం పట్టుకుని ఎంబసీకి వెళితే, అక్కడ నువ్వు ఫలానా మనిషివని రుజువు అడుగుతారు. రుజువంతా పోయిన సంచిలోనే ఉంటుంది. స్వదేశంలో విచారించి, ఇంటికి చేరడానికి మాత్రమే పనికొచ్చే తాత్కాలిక ప్రయాణ పత్రం ఇస్తారు. అంతటితో అయిపోదు. ఆ దేశంలోకి వచ్చినప్పటి వీసా, ముద్ర పాత పాస్‌పోర్ట్‌లోనే పోయాయి కాబట్టి చాలా చోట్ల అక్కడి ఇమిగ్రేషన్ వాళ్ల దగ్గర బయటికి వెళ్లే అనుమతి తీసుకోవాలి. టికెట్ డబ్బు, హోటల్ బిల్లు ఎంబసీ మామూలుగా కట్టదు. పైగా ఎంబసీకి స్వదేశపు సెలవులు కొన్ని, ఆ దేశపు సెలవులు కొన్ని ఉంటాయి. ఇన్ని కిటికీల ముందు నిలబడిన మనిషి ముఖాన్ని నిజాయితీగా చూపించు, నవ్వు అదే వస్తుంది.

ఇంకొక మాట. కాగితాల వల్ల చిక్కుకోవడం సగం కథే. ఇరాన్‌లో పుట్టిన మెహ్రాన్ కరీమీ నాసెరీ గురించి చదివే ఉంటావు. 1988 నుంచి 2006 దాకా పారిస్ చార్ల్స్ ద గాల్ విమానాశ్రయంలో, మొదటి టెర్మినల్‌లోనే బతికారు. మొదట ఆయన్ని ఆపింది కాగితాలు లేకపోవడం. తర్వాత కాగితాలు సిద్ధమైనా ఆయన సంతకం పెట్టలేదు. 2022 నవంబరులో కన్నుమూసింది కూడా ఆ విమానాశ్రయంలోనే. ఆయన కథను నువ్వు తీసుకోవద్దు, అది ఆయనది. కానీ తలుపు తెరిచాక కూడా మనిషి ఎందుకు కదలడు అన్న ప్రశ్నను నీ హీరోని అడుగు. ఇంటి దగ్గర అతను ఎవరికి ముఖం చూపించలేకపోతున్నాడు? ఆ సంగతి తేల్చకుండా రెండో సగం రాయకు.

నవ్వు గురించి నీకు నేను నేర్పేదేముంది, చిన్నప్పటి నుంచి ఇల్లంతా నవ్వించినదానివి. ఒక్కటే చెబుతాను. అక్కడి మనుషుల యాసనీ, అలవాట్లనీ వెక్కిరించి నవ్వు తేకు. నవ్వాల్సింది నీ హీరో బింకాన్ని చూసి: జేబులో చిల్లిగవ్వ లేకపోయినా ఇంటికి ఫోన్ చేసి అంతా బాగుందని చెబుతాడు చూడు, ఆ బింకాన్ని. అలాంటి చోట్ల కెమెరా కొంచెం దూరంగా పెట్టి టేక్ పొడుగ్గా పోనివ్వు. చెయ్యి, కాలు, నడక అన్నీ కనపడితేనే నవ్వొస్తుంది. ప్రతిదానికీ క్లోజప్ వేస్తే పోతుంది.

ఇక డబ్బు మిగిలే దారులు. ఎంబసీ కౌంటరు, పోలీస్ స్టేషన్, హోటల్ గది, ఇవన్నీ నాలుగు గోడల మధ్య సీన్లు. వీటికోసం అందరినీ విమానం ఎక్కించకు, ఉన్న ఊళ్లోనే తియ్యి. వీధులు, స్టేషన్లు, జనం, ఆకాశం మాత్రమే అక్కడికెళ్లి తీసుకో. నిజమైన విమానాశ్రయంలో సెక్యూరిటీ దాటిన తర్వాతి భాగంలో షూటింగ్‌కి అనుమతి దొరకడం చాలా కష్టం, దొరికినా నీ డబ్బు చాలదు. ఒక వరస కుర్చీలు, పెద్ద అద్దం, వెనక అనౌన్స్‌మెంట్ గొంతు బాగా కుదిరితే ఎవరికీ అనుమానం రాదు.

సామాన్లు పోయినవాడికి ఒకటే కాస్ట్యూమ్, ఖర్చు తక్కువ అనుకుంటున్నావేమో. ఒకటే చొక్కా నాలుగు జతలు కుట్టించు. మొదటి రోజుది, నలిగింది, మాసింది, చిరిగింది, వేటికవి విడిగా. సీన్లు వరసలో తీయరు కదా. గడ్డం కూడా అంతే. ఒక షెడ్యూల్‌లో గడ్డం పెరిగిన సీన్లన్నీ ముందు పూర్తి చేసి, గీయించాక మొదటి రోజు సీన్లు తియ్యి. ప్రతి సీనుకీ ఫోటో తీసి పెట్టుకునే మనిషిని ఒకరిని కేవలం ఆ పనికే పెట్టు. కంటిన్యుటీ, అంటే షాటుకీ షాటుకీ మధ్య పొంతన, పోతే ఎడిటింగ్‌లో ఎవరూ బాగుచేయలేరు.

ఇప్పుడు నా అసలు భయం.

చాలా ఏళ్ల కిందట, నేను ప్రొడక్షన్‌లో కొత్తగా చేరిన రోజుల్లో, ఒక చిన్న సినిమా కోసం ఒక యూనిట్ విదేశం వెళ్లింది. నేనూ ఉన్నాను. నిర్మాత చెడ్డమనిషి కాదు, లెక్కలే ఆశ మీద నడిచేవి. షూటింగ్ ఎప్పుడు పూర్తవుతుందో తెలియదు కాబట్టి వెళ్లే టికెట్లకే డబ్బు కట్టారు. తిరుగు ప్రయాణానికి బుకింగ్ మాత్రం చేయించి, ఆ కాగితం చూపించి అందరినీ దింపారు. డబ్బు కట్టని బుకింగ్ గడువు దాటగానే రద్దయిపోతుంది, రద్దయింది కూడా. ఎవరికీ చెప్పలేదు. ఆ తర్వాత వానలు పట్టుకున్నాయి. లొకేషన్ అద్దె పెరిగింది, వెనక్కి రావడానికి అనుకున్న డబ్బు దానికి పోయింది. డేట్లు అయిపోయాయని హీరో వెళ్లిపోయారు. డబ్బు తెస్తానని నిర్మాత వెళ్లారు. డైరెక్టర్ కూడా వెళ్లారు. మిగిలింది ఎవరనుకున్నావు? లైట్‌బాయ్‌లు, కెమెరా అసిస్టెంట్, మేకప్ సహాయకురాలు, కాస్ట్యూమ్స్ చూసే పెద్దాయన, వాళ్ల లెక్కలు రాసే నేను.

బిల్లు కట్టలేదని హోటల్ వాళ్లు పాస్‌పోర్టులు తమ దగ్గర ఉంచుకున్నారు. రోజువారీ ఖర్చులకిచ్చే బత్తా ఆగిపోయింది. వీసా గడువు దగ్గరపడుతోంది, దాటితే జరిమానా. ఒక లైట్‌బాయ్ రోజూ సాయంత్రం ఫోన్ బూత్‌కి వెళ్లి, రేపు బయలుదేరుతున్నామని భార్యతో చెప్పేవాడు. ఆమెకు నెలలు నిండాయి. రేపు అన్న మాట అతను ఎన్ని సాయంత్రాలు చెప్పాడో, చివరికి ఆ ఫోన్‌లోనే కొడుకు పుట్టాడని విన్నాడు. బయటికొచ్చి మాతో మామూలుగానే మాట్లాడాడు, కానీ ఆ రాత్రి ఎవరితోనూ కలిసి భోంచేయలేదు. ఆఖరికి కాన్సులేట్ వాళ్లు కలగజేసుకుని, మా ఇళ్లకు కబురు పెడితే, ఒక్కో కుటుంబం అప్పు చేసి టికెట్ డబ్బు పంపింది. ఆ సినిమా విడుదలైంది, నాలుగు మంచి మాటలు కూడా రాశారు. కుటుంబాలు పంపిన డబ్బు మాత్రం ఎవరికీ తిరిగి రాలేదు. ఆ లైట్‌బాయ్ తర్వాత ఇంకెప్పుడూ పాస్‌పోర్ట్ రెన్యూ చేయించలేదు. విదేశం షూటింగ్ అంటే చేతులు జోడించి వద్దనేవాడు.

అందుకే అమ్మడూ, క్లాప్ కొట్టకముందే ప్రతి ఒక్కరికీ డబ్బు కట్టిన తిరుగు టికెట్ ఉండాలి. తేదీ మార్చుకునే వీలున్నవి కొను, కాస్త ఎక్కువైనా సరే. నీ టికెట్ అందరికంటే చివరది కావాలి. పాస్‌పోర్టులు ఎవరివి వాళ్ల దగ్గరే ఉండాలి, వాటి కాపీలు నీ దగ్గర, ఇంట్లో ఒకరి దగ్గర. హోటల్ డబ్బు ముందే కట్టెయ్. ఆరోగ్య బీమా ఆర్టిస్టులకే కాదు, టీ ఇచ్చే కుర్రాడికి కూడా. డబ్బు తగ్గితే రెండు సీన్లు కోసెయ్, నాకు ఫోన్ చెయ్, మీ నాన్నని తిట్టైనా ఏదో ఒకటి చేద్దాం. తిరుగు డబ్బు మాత్రం ముట్టుకోకు. నువ్వు అలాంటిదానివి కాదని నాకు తెలుసు. ఆ నిర్మాతని కూడా అలాంటివాడని మేమెవరం అనుకోలేదు.

టూరిస్టు వీసా మీద వెళ్లి దొంగచాటుగా తీసేద్దామని ఎవరైనా సలహా ఇస్తే వాళ్లని దూరం పెట్టు. షూటింగ్‌ల వ్యవహారం చూసే అక్కడి ఫిల్మ్ కమిషన్‌కి రాయి, రోజువారీ షూటింగ్ పనులూ ఖర్చులూ చూసుకునే లైన్ ప్రొడ్యూసర్‌ని, ఆ దేశంలోనే పనిచేసేవాళ్లని, ఒకరిని పెట్టుకో. కెమెరా సామాను తీసుకెళ్తుంటే, ఆ దేశం ఒప్పుకునేదైతే ఏటీఏ కార్నే అనే కస్టమ్స్ పత్రం చేయించు. ప్రతి వస్తువూ సీరియల్ నంబరుతో రాస్తారు, ఏడాది వరకు చెల్లుతుంది, సుంకం కట్టకుండా తీసుకెళ్లి వెనక్కి తేవచ్చు. వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ కస్టమ్స్ ముద్ర మర్చిపోతే తర్వాత సుంకం కట్టమంటారు. విడి లిథియం బ్యాటరీలు చేతి సామానులోనే పెట్టాలి. 100 వాట్-అవర్ల లోపువైతే గొడవ ఉండదు, 160 వరకు ఎయిర్‌లైన్ అనుమతి కావాలి, ఆపైన వద్దు. ఫుటేజ్ మూడు కాపీలు, వేర్వేరు మనుషుల సంచుల్లో రావాలి. ప్రతి లొకేషన్‌లోనూ అందర్నీ ఆపి ఒక నిమిషం ఉత్త నిశ్శబ్దాన్ని రికార్డు చేయించు, ఎడిటింగ్‌లో దాని విలువ తెలుస్తుంది. ఫ్రేములో మాట్లాడే ప్రతి స్థానికుడి దగ్గరా, వాళ్ల భాషలోనే రాసిన అంగీకార పత్రం మీద సంతకం తీసుకో.

ఎడిటింగ్, సౌండ్, సంగీతం హక్కుల డబ్బు వేరే ఖాతాలో పెట్టు. షూటింగ్ ఖర్చులో కనీసం 10 శాతం అనుకోని వాటికి పక్కన ఉంచు.

తిట్టినట్టు రాశానేమో, ఏమీ అనుకోకు. ఎవరూ దారి చూపించకుండానే ఇంత దూరం వచ్చావు. ఈ కథ రాయడానికి ఎన్ని రాత్రులు మేల్కొన్నావో మీ అమ్మ చెప్పింది. వేళకి తిను, షూటింగ్‌లో నీకే ముందు నీరసం వస్తుంది.

షెడ్యూల్, యూనిట్ లిస్టు, బడ్జెట్ మూడూ నాకు పంపు. ప్రతి పేరు ఎదురుగా తిరుగు టికెట్ నంబరు రాసి పంపు, ఒక్క పేరు పక్కన ఖాళీ కనిపించినా నేనే ఫోన్ చేస్తాను.

మీ అత్త