రొయ్యల గుంటల కట్ట మీద పికప్ జారుతుంటే చైన్లు కొనాలా?

అన్నా, అల్లూరు వైపు గుంటల కట్టల మీద వాన పడితే ఖాళీ పికప్ వెనక చక్రాలు ఉన్నచోటే తిరుగుతున్నాయి, మంచు చైన్లు (మంచులో జారకుండా టైరు చుట్టూ కట్టే గొలుసులు) కొననా అని అడిగారు. వద్దన్నా. అవి గట్టి మంచుని కొరికి పట్టుకోవడానికి. మన బంకమట్టి లింకుల సందుల్లో ముద్దగా అతుక్కుంటే చక్రం మళ్లీ నున్నగా అయిపోద్ది. తారురోడ్డెక్కితే టైరు కూడా పాడు.

అసలు లోటు బరువుది. బండిని తోసేది వెనక చక్రాలే, ఖాళీగా ఉంటే వాటి మీద భారం చాలదు. 25 కిలోల ఇసుక బస్తాలు 6, సరిగ్గా వెనక ఇరుసు పైన పేర్చి తాడుతో బిగించండి. వెనక డోరు దగ్గర వేస్తే ముందు చక్రాలు తేలికై స్టీరింగ్ తిప్పినా బండి తిరగదు, కట్ట మీద అది మరీ ప్రమాదం. వెనక చక్రాలకి లోతు గళ్ల లగ్ టైర్లు వేయించండి. రెండో గేరులో మెల్లగా కదిలించండి.

దిగబడితే యాక్సిలరేటర్ తొక్కొద్దు, గుంత ఇంకా లోతవుద్ది. చక్రం ముందు బురద పారతో తీసి వరిగడ్డి దట్టంగా పరిచి ఎక్కించండి.