పాఠకుల ప్రశ్నలు: పిరమిడ్ల వెనక ఉన్న మనుషులు

పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలోని మమ్మీ గురించి పోయిన నెల రాశాక ఈజిప్టు మీద చాలా ఉత్తరాలు వచ్చాయి. కాలేజీలో చరిత్ర చెప్పినన్నాళ్లూ నాకు ఎక్కువ ఇష్టమైన పాఠం ఇదే కాబట్టి ఈసారి పేజీ మొత్తం దానికే ఇస్తున్నాను.

మా అమ్మాయి ఏడో తరగతి. స్కూల్ వాళ్లు మ్యూజియానికి తీసుకెళ్లి మమ్మీని చూపించారు. మమ్మీలకు శాపం ఉంటుందని ఫ్రెండ్స్ అన్నారట, అప్పట్నుంచి రాత్రి లైటు ఆర్పనివ్వడం లేదు. నాకు టెన్షన్‌గా ఉంది. ఏం చెప్పమంటారు?
– ఒక తల్లి, మెహిదీపట్నం

ముందు శాపం సంగతి చెప్పండమ్మా. 1922 నవంబరులో ఈజిప్టు రాజు టుటంఖామున్ సమాధి బయటపడింది. ఆ తవ్వకాలకు డబ్బు పెట్టిన లార్డ్ కార్నార్వన్ 1923 ఏప్రిల్‌లో చనిపోయారు. దోమ కుట్టినచోట ఇన్ఫెక్షన్ సోకి, అది ముదిరి పోయారు. పత్రికలు దాన్ని శాపం చేశాయి. ఆ సమాధిని కనిపెట్టి, ఏళ్ల తరబడి అందులోనే పనిచేసిన హోవర్డ్ కార్టర్ మాత్రం 1939 దాకా బతికారు.

ఇక మన మమ్మీ. ఈజిప్టును ఏలిన గ్రీకు వంశం టోలెమీ రాజుల కాలపు యువతి అని చెబుతారు. నిజాం కుటుంబం ద్వారా హైదరాబాద్ చేరింది. 1930లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ మ్యూజియానికి ఇచ్చారు. ఎవరి కూతురో తెలియని ఆ అమ్మాయి కోసం ఎంత శ్రమ పడ్డారో మీ పాపకు చెప్పండి. ఈజిప్టులో శవాన్ని నేట్రాన్ అనే ఉప్పులో దాదాపు నలభై రోజులు ఉంచి ఆరబెట్టేవారు. తర్వాత నూనెలు పూసి, నారబట్ట పట్టీలు చుట్టేవారు. పద్ధతిగా చేస్తే మొత్తం డెబ్బై రోజుల పని. మనిషి ఆత్మలో 'బా' అనే భాగం పిట్ట రూపంలో పగలంతా తిరిగి రాత్రికి శరీరంలోకి వచ్చి చేరుతుందని వాళ్ల నమ్మకం. అది తిరిగొచ్చేసరికి శరీరం ఉండాలి కదా! అందుకే ఇంత జాగ్రత్త.

ఇంకో మాట. చాలా సమాధుల గోడల మీద దారిన పోయేవాళ్లకు ఒక విన్నపం ఉంటుంది: ఓ బతికున్నవాళ్లారా, మా పేరు చెప్పి 'వెయ్యి రొట్టెలు, వెయ్యి కుండల బీరు' అనండి, మాకు అవి అందుతాయి అని. చనిపోయినవాళ్లు అడిగేది ఆ మాటసాయమే. ఈసారి మీరే పాపను తీసుకెళ్లి, ఆ గాజుపెట్టె ముందు నిలబెట్టి 'వెయ్యి రొట్టెలు' అనిపించండి. పిల్లలు భయపడినదానికి ఏదైనా ఇచ్చి వస్తే ఆ భయం సగం తగ్గుతుంది.

మమ్మీ చేసేటప్పుడు మెదడును తీసి పారేసి, గుండెను మాత్రం ఉంచేవారట. ఎందుకు సార్?
– డిగ్రీ విద్యార్థి, ఉప్పల్

ఆలోచన, జ్ఞాపకం, మంచీచెడూ అన్నీ గుండెలోనే ఉంటాయని వాళ్లు నమ్మారు బాబూ. మెదడును ముక్కులోంచి కొక్కెంతో తీసేసేవారు. కాలేయం, ఊపిరితిత్తులు, జీర్ణాశయం, పేగులు తీసి నాలుగు జాడీల్లో దాచేవారు. గుండె అవసరం పైలోకంలో పడుతుంది. అక్కడ చనిపోయినవాళ్ల దేవుడు ఒసిరిస్ ఎదుట దాన్ని తక్కెడలో పెట్టి, రెండో పళ్లెంలో మాత్ దేవత ఈకను పెట్టి తూస్తారు. మాత్ అంటే న్యాయం, సత్యం. మన చిత్రగుప్తుడిలా ఫలితం రాసుకునేది థోత్ దేవుడు. గుండె బరువైతే మొసలి తల ఉన్న అమ్మిట్ దాన్ని మింగేస్తుంది, ఆ మనిషికి మళ్లీ ఉనికి ఉండదు. అక్కడ చచ్చినవాడు నలభై రెండు మంది దేవతల ముందు 'నేను దొంగతనం చేయలేదు, అబద్ధమాడలేదు' అంటూ ఒక్కొక్కటే చెప్పుకోవాలి. ఆ పట్టికలో తూకంలో మోసం చేయలేదన్న మాట కూడా ఉంది. సంతలో జరిగే చిన్న మోసాన్ని కూడా దేవుడి ముందు లెక్క చెప్పాల్సిన తప్పుగా చూశారు. ఆ మతం మీద నాకు గౌరవం కలిగింది అక్కడే.

పిరమిడ్లను బానిసలను కొరడాలతో కొట్టి కట్టించారని మా నాన్నగారు అంటారు. గ్రహాంతరవాసులు కట్టారని మా తమ్ముడు వాదిస్తాడు. ఏది నిజం?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

రెండూ కావు. మీ తమ్ముడి మాట వింటే నాకు నిజంగా బాధ కలుగుతుంది. ఆ రాళ్లు మోసినవాళ్ల చెమటను అది లేకుండా చేసేస్తుంది.

ఖుఫు రాజు పెద్ద పిరమిడ్ సుమారు 4,500 ఏళ్ల నాటిది. దాదాపు 23 లక్షల రాళ్లతో, మొదట్లో 146 మీటర్ల ఎత్తుండేది. కట్టిందెవరో తెలిపే ఆధారాలు మన కాలంలోనే దొరికాయి. 1990లో గిజాలో పిరమిడ్ల దగ్గరే పనివాళ్ల సమాధులు బయటపడ్డాయి. బానిసలను రాజు పక్కన, రొట్టె, బీరు కుండలతో పూడ్చిపెట్టరు. ఆ ఎముకల్లో బరువులు మోసి అరిగిన వెన్నుపూసలున్నాయి, విరిగి సరిగ్గా అతుక్కున్న చేతులూ ఉన్నాయి. అంటే వైద్యం అందిందన్నమాట. వాళ్లున్న ఊరిని పురావస్తు శాస్త్రవేత్త మార్క్ లేనర్ బృందం తవ్వితే రొట్టెల బట్టీలు, పశువుల, మేకల, గొర్రెల ఎముకలు గుట్టలుగా దొరికాయి. అందరూ ఇష్టపడి వచ్చారని నేననను. రాజు పిలిస్తే వంతు ప్రకారం రావాల్సిందే. కానీ కడుపుకి తిండి పెట్టారు.

2013లో ఎర్ర సముద్రం ఒడ్డున వాడీ అల్ జర్ఫ్ దగ్గర పియేర్ టాలే బృందానికి దొరికిన పాపిరస్ కాగితాలు నాకు ఇంకా ఇష్టం. మెరెర్ అనే మేస్త్రీ రాసుకున్న రోజువారీ పద్దు అది. సుమారు నలభై మంది మనుషులతో తూరా క్వారీ నుంచి సున్నపురాయిని పడవల్లో గిజాకు చేర్చడం అతని పని. ఏ రోజు రాళ్లు ఎక్కించారు, ఏ రాత్రి ఎక్కడ పడుకున్నారు, అన్నీ రాశాడు. గ్రహాంతరవాసులు ఇలాంటి పద్దు రాయరని మీ తమ్ముడికి చెప్పండి.

ఇక అంతకు వెయ్యేళ్లకు పైగా తర్వాత, రాజుల లోయలో సమాధులు తొలిచిన పనివాళ్ల ఊరు డేర్ ఎల్ మదీనా. వాళ్ల హాజరుపట్టీ ఒకటి బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. రెండో రామ్సెస్ రాజు పాలన నలభయ్యో ఏట రాతిపలక మీద రాసింది. ఎవరు ఎందుకు రాలేదో అందులో ఉంది: తేలు కుట్టింది, కళ్లకలక, బీరు తయారుచేస్తున్నాడు, అమ్మ శవానికి బట్టలు చుడుతున్నాడు. వాళ్ల వారం పది రోజులది. జీతం గోధుమ, బార్లీ. మూడో రామ్సెస్ పాలన ఇరవై తొమ్మిదో ఏట, అంటే క్రీ.పూ. 1157 ప్రాంతంలో, ఆ గింజలు సమయానికి రాకపోయేసరికి పని ఆపి గుడి వెనక బైఠాయించారు. ఆకలిదప్పులతో వచ్చాం, బట్టల్లేవు, నూనె లేదు, చేపల్లేవు, కూరల్లేవు అని చెప్పిన మాటలు ఇటలీలోని టూరిన్‌లో ఉన్న పాపిరస్‌లో కనిపిస్తాయి. మనకు రాతపూర్వకంగా తెలిసిన మొదటి సమ్మెగా దీన్నే చెబుతారు.

ఆ కాలంలో ఆడవాళ్లకు ఆస్తి హక్కు ఉండేదా? నా పరిస్థితిని బట్టి అడుగుతున్నాను. ముగ్గురు పిల్లలున్నారు, వాళ్లలో ఒక్కరే నన్ను చూసుకుంటున్నారు.
– ఒక పెద్దావిడ, వనస్థలిపురం

ఉండేదమ్మా. అదే డేర్ ఎల్ మదీనాలో నౌనఖ్తే అనే ఆవిడ కథ మీకోసమే ఉన్నట్టుంది. ఐదో రామ్సెస్ పాలన మూడో ఏట, ముసలితనంలో, ఊరి న్యాయసభ ముందుకు వచ్చి వీలునామా చెప్పింది. ఎనిమిది మంది పిల్లలను పెంచానని, ఇప్పుడు తాను ముసలిదాన్నయ్యానని, వాళ్లలో కొందరు తనను చూసుకోవడం లేదని సభలో చెప్పింది. చూసుకున్నవాళ్లకు తన ఆస్తిలో భాగం ఇచ్చింది, చూసుకోనివాళ్లకు ఇవ్వలేదు. తండ్రి ఆస్తి వేరు, అందులో వాళ్ల వాటా వాళ్లదే. ఒక కొడుకుకు మాత్రం మిగతావాళ్ల కంటే అదనంగా ఒక కంచు గిన్నె ఇచ్చింది.

మీ విషయంలో ఏం చేయాలో మంచి లాయరును అడిగి, నోటిమాటగా కాకుండా సాక్షుల ముందు కాగితం మీద పెట్టండి. నౌనఖ్తే కూడా సాక్షుల పేర్లన్నీ రాయించింది. తర్వాత ఆమె భర్త, పిల్లలు మళ్లీ సభకు వచ్చి, ఆమె రాయించినట్టే నడుచుకుంటామని ఒప్పుకున్నారు.