రెప్పల దురద: ముందు అది ఎక్కడ పుడుతోందో చూడండి

చుక్కలు వేసుకున్నన్నాళ్లూ తగ్గి, ఆపగానే కనురెప్పల దురద తిరగబెడుతోంది, ఎందుకని అడిగారు. ముందు ఆ సీసా చూడండి. దాని మీద డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసొలోన్ లాంటి పేరుంటే అది స్టెరాయిడ్. అసలు కారణాన్ని ముట్టుకోకుండా వాపును మాత్రం అణచిపెడుతుంది. డాక్టరు చూడకుండా నెలల తరబడి వాడితే కంట్లో ఒత్తిడి పెరిగి గ్లకోమా (చూపు నరం దెబ్బతినే జబ్బు) రావచ్చు, శుక్లమూ రావచ్చు. ఇప్పటికే చాన్నాళ్లు వాడి ఉంటే కంటి ఒత్తిడి కొలిపించుకోండి.

తర్వాత మంచి వెలుతురులో అద్దం ముందు నిలబడి రెప్పల అంచు చూడండి. వెంట్రుకల మొదళ్లలో చుండ్రులాంటి పొట్టు, పొద్దున్నే రెప్పలు అతుక్కోవడం, అంచు ఎర్రబడటం ఉంటే బ్లెఫరైటిస్, అంటే రెప్ప అంచు వాపు, అనుకోవచ్చు. రెప్ప అంచున ఉండే నూనె గ్రంథులు పూడుకుపోవడం ఇందులో మామూలే. దీనికి కాపడమే ముఖ్యం. శుభ్రమైన గుడ్డను వేడినీళ్లలో ముంచి పిండి, మణికట్టుకి ఆనించి వేడి చూసుకుని, మూసిన కళ్ల మీద 5 నుంచి 10 నిమిషాలు ఉంచాలి. గుడ్డ కాసేపటికే చల్లారిపోతుంది, మళ్లీ మళ్లీ ముంచాలి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. వెంటనే పై రెప్పను కిందికి, కింది రెప్పను పైకి, వెంట్రుకల వైపు మెల్లగా నిమిరి, తడి దూదితో అంచు తుడవాలి. రోజుకు రెండుసార్లు, కొన్ని వారాల పాటు. తగ్గాక కూడా రోజుకొకసారి చెయ్యాలి, ఇది పూర్తిగా పోయే జబ్బు కాదు. పొట్టు వెంట్రుక చుట్టూ గొట్టంలా బిగిసి ఉంటే డెమోడెక్స్ అనే, కంటికి కనపడనంత చిన్న పురుగులు కావచ్చు, వాటికి మందు వేరు. టీ ట్రీ నూనె నేరుగా రాయకండి, కన్ను కాలిపోతుంది.

అంచు బాగానే ఉండి, రెప్ప చర్మమే పొడిబారి పొలుసులు లేస్తుంటే ఏదో పడటం లేదన్నమాట. ఒంట్లో అన్నిటికన్నా పల్చని చర్మం అదే. అందుకే గోళ్ల రంగు చేతికి ఏమీ చెయ్యకపోయినా, ఆ చేత్తో తాకిన రెప్ప మీద దద్దురు లేపుతుంది. జుట్టు రంగు, షాంపూ, చివరికి కంటి చుక్కలు పాడవకుండా కలిపే ప్రిజర్వేటివ్ కూడా కారణం కావచ్చు. రెండు మూడు వారాలు అనుమానం ఉన్నవన్నీ ఆపి, తర్వాత ఒక్కోటే మొదలుపెట్టండి. డాక్టరు రాసిన చుక్కలైతే ఆయన్ని అడిగే మార్చండి.

కంటి లోపల దురద, నీళ్లు కారడం, తుమ్ములు కలిసి వస్తే ఎలర్జీ. అప్పుడు చల్లటి గుడ్డ, ఓలోపటడిన్ లేదా కీటోటిఫెన్ చుక్కలు. వేడి వద్దు. నులమడం అసలే వద్దు, నులిమేకొద్దీ దురద పుట్టించే హిస్టమిన్ అనే పదార్థం విడుదలై దురద ఎక్కువవుతుంది.

నొప్పి, చూపు మసకబారడం, వెలుతురు చూడలేకపోవడం, జ్వరంతో రెప్ప వాచడం ఉంటే ఆ రోజే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఒక్క కంటికే ఉండి, గడ్డ తగ్గకుండా రెప్ప వెంట్రుకలు రాలుతున్నా చూపించుకోవాలి; అరుదుగా అది క్యాన్సర్ అవుతుంది.