రక్తపరీక్ష అంకెల నుంచి ఆయుష్షు అంచనా: ఏం చదవాలి?

ప్రశ్న: బీఎస్సీ బయోకెమిస్ట్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. పెద్దపేగు క్యాన్సర్ ఆపరేషన్ అయ్యాక రోగి ఎంతకాలం బతుకుతారో రక్తపరీక్షలతో అంచనా వేసే పరిశోధన చేయాలనుంది. ఏ కోర్సు మేలు?

జవాబు: ఈ రంగంలో పరీక్ష చేయడం కన్నా, వచ్చిన అంకెను కాలంతో ముడిపెట్టడమే కష్టం. కాబట్టి మీరు నేర్వాల్సింది బయోస్టాటిస్టిక్స్, అంటే వైద్య, జీవశాస్త్ర డేటాకు వాడే గణాంకశాస్త్రం. వెల్లూరు సీఎంసీలో, ముంబయిలోని జనాభా అధ్యయన సంస్థ ఐఐపీఎస్‌లో పీజీ స్థాయిలో ఉంది. డిగ్రీలో గణితమో స్టాటిస్టిక్సో ఉండాలన్న నిబంధన అడ్డురావచ్చు. అర్హత చూసుకున్నాకే ఫీజు కట్టండి. కుదరకపోతే ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ చేస్తూనే సర్వైవల్ అనాలిసిస్ (మరణం లాంటి ఘటన ఎంతకాలానికి జరుగుతుందో లెక్కించే పద్ధతి) విడిగా నేర్చుకోండి.

ముందు మార్కర్లను, అంటే జబ్బు తీరును సూచించే రక్తపరీక్ష అంకెలను, చేత్తో లెక్కకట్టండి. సీఈఏ (ఈ క్యాన్సర్ ఉన్నప్పుడు రక్తంలో పెరగగల ప్రొటీన్) మిల్లీలీటరుకు 5 నానోగ్రాములు దాటితే సాధారణంగా ఎక్కువ కిందే లెక్క. అలా పెరిగినది, కణితి పూర్తిగా తీసేశాక 4-6 వారాల్లో దిగిరావాలి. రాకపోతే జబ్బు మిగిలిందేమోనని వెతుకుతారు. ఇక మామూలు సీబీపీలో తెల్ల రక్తకణాల రకాలైన న్యూట్రోఫిల్స్ మైక్రోలీటరుకు 6,000, లింఫోసైట్స్ 1,500 ఉంటే, మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే వచ్చే ఎన్‌ఎల్‌ఆర్ 4. రక్తంలోని ప్రొటీన్ అల్బుమిన్ డెసిలీటరుకు 3.8 గ్రాములైతే పదితో గుణించి 38, లింఫోసైట్లను 0.005తో గుణించి 7.5, కలిపితే పోషణ స్థితిని సూచించే పీఎన్‌ఐ 45.5. ఎన్‌ఎల్‌ఆర్ ఎక్కువగా, పీఎన్‌ఐ తక్కువగా ఉన్నవారు తక్కువకాలం బతకడం చాలా అధ్యయనాల్లో కనిపించింది.

పొగతాగేవారిలో సీఈఏ కాస్త ఎక్కువే ఉంటుంది. స్టెరాయిడ్ ఇచ్చాకో, ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడో రక్తం తీస్తే ఎన్‌ఎల్‌ఆర్ పెరుగుతుంది. రక్తం ఏ రోజు తీశారో రాయని డేటాను నమ్మకండి. అంతకన్నా పెద్ద తప్పు ఒకటుంది: తమ రోగుల్లో ఎక్కువ-తక్కువలను విడదీస్తూ బాగా తేడా చూపిన కటాఫ్‌నే ఏరుకుని, మళ్లీ ఆ రోగులతోనే దాన్ని రుజువు చేయడం. అలాంటి కటాఫ్ మరో ఆసుపత్రిలో తరచూ నిలబడదు.

సాధనకు, గణాంకాల లెక్కలకు వాడే ‘ఆర్’ సాఫ్ట్‌వేర్ ఉచితం. అందులోని సర్వైవల్ ప్యాకేజీలో ‘కోలన్’ అనే పెద్దపేగు క్యాన్సర్ డేటా ఉంది: 929 మంది రోగులు, 1,858 వరుసలు. ఒక్కొక్కరికి రెండు వరుసలు, ఒకటి జబ్బు తిరగబెట్టడానికి, ఒకటి మరణానికి. కొత్తవారు రెండూ కలిపేసి లెక్క చెడగొట్టుకుంటారు. మరణం వరుసలే తీసుకుని, క్యాన్సర్ సోకిన లింఫ్ గ్రంథులు 4 దాటినవారికీ మిగిలినవారికీ కాప్లాన్-మేయర్ గీతలు (కాలం గడిచేకొద్దీ ఎందరు బతికున్నారో చూపేవి) గీయండి, తర్వాత కాక్స్ మోడల్ (ఏ అంశం మరణం ముప్పును ఎంత మారుస్తుందో లెక్కించేది) వేయండి. రక్త మార్కర్లు ఇందులో లేవు, కానీ పద్ధతి ఇదే. అధ్యయనం ముగిసేనాటికి బతికే ఉన్నవారిని తీసేయకండి, సెన్సార్డ్‌గా (అప్పటివరకు బతికున్నారని మాత్రమే తెలిసినవారిగా) ఉంచాలి.

ఇది చేతికొచ్చాక ఏదైనా సర్జికల్ ఆంకాలజీ విభాగాన్ని కలిసి, పాత కేస్ షీట్లపై చిన్న అధ్యయనం చేస్తామని అడగండి. ఎథిక్స్ కమిటీ అనుమతి రాకుండా ఒక్క షీటూ తెరవకూడదు.