స్ఫటికాల చదువు కూడు పెడుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ కెమిస్ట్రీ చివరి ఏడాది. స్ఫటికాల్లోనే కాంజుగేటెడ్ పాలిమర్లు తయారుచేసే పరిశోధన చేస్తానంటోంది. మాకేమో డేటా సైన్స్ కోర్సులో చేర్పించాలని ఉంది. ఏది మేలు? – ఓ తండ్రి, బరంపురం

జవాబు: మీరడిగింది కోర్సు గురించి. భయం మాత్రం వేరు: పిల్ల ఇరవై ఏడేళ్లదాకా ల్యాబులోనే ఉండిపోతే సంపాదన, పెళ్లి ఏమైపోతాయని. ఎంఎస్సీ తర్వాత సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధక విద్యార్థులకిచ్చే ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆపైన 42,000 రూపాయలు, ఇంటద్దె భత్యం అదనం. మీకు భారం కాదు.

ఆమె ఎంచుకున్నది గాలిమాట కాదు. కాంజుగేటెడ్ పాలిమర్లంటే ఏకబంధం, బహుబంధం మారిమారి వచ్చే పొడవాటి అణుగొలుసులు. ద్రావణంలో చేసిన పాలిమర్ గొలుసులు చిక్కుపడ్డ నూలులా ఉంటాయి. మీ ఊరి పట్టు మగ్గం మీద ముందు పడుగు సరిచేసుకున్నట్టు, ఇక్కడ ముందు అణువులను స్ఫటికంలో వరుసగా పేర్చి, తర్వాత అతుకుతారు. నాలుగు కార్బన్ల వరుసలో రెండు త్రిబంధాలుండే డైఎసిటిలీన్ అణువులు సుమారు 4.9 ఆంగ్‌స్ట్రాముల (ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యి కోట్లవ వంతు) ఎడంతో, 45 డిగ్రీల వాలుతో నిలబడితే, అవి గొలుసుగా అతుక్కోవడానికి వేడి గానీ అతినీలలోహిత కాంతి గానీ చాలు. జర్మన్ రసాయన శాస్త్రవేత్త గెర్హార్డ్ వెగ్నర్ 1969లోనే ఈ దారి చూపించారు. అణువులు తమంతట తాము అలా నిలబడటం అరుదు. అందుకే హైడ్రోజన్ బంధాలతో పట్టి ఉంచే మరో అణువును కలిపి, రెండూ ఉండే ఉమ్మడి స్ఫటికం (కో-క్రిస్టల్) పెంచుతారు. ఎడం తప్పిందా, ఎంతసేపు వెలుతురులో పెట్టినా గొలుసు కట్టదు. గొలుసు పెరుగుతూ కొలతలు మారితే స్ఫటికమే పగిలిపోతుంది. నెలలు ఇలాగే పోతాయి. ఆ ఓపిక తనకుందో లేదో ఆమెనే అడగండి.

ఈ పాలిమర్ల పేరుతో ఉద్యోగ ప్రకటనలు వెతక్కండి. స్ఫటికాలు పెంచడం, ఎక్స్-రే డిఫ్రాక్షన్ (ఎక్స్-కిరణాలతో స్ఫటికంలో అణువుల అమరిక తెలుసుకునే పద్ధతి) ఫలితాలు చదవడం వస్తే ఫార్మాలో పని ఉంటుంది. మందు మరో స్ఫటికరూపంలోకి మారితే సరిగా కరగకపోవచ్చు. 1998లో హెచ్‌ఐవీ మందు రిటోనవిర్ గుళికలను మార్కెట్ నుంచి తీసేసింది అందుకే. ఫార్మా కంపెనీలున్న పైడిభీమవరం, పరవాడ మీకు మరీ దూరం కావు.

డేటా సైన్స్ మీద నాకు అనుమానమే ఎక్కువ. స్టాటిస్టిక్స్, ప్రోగ్రామింగ్ పునాది లేకుండా ఆరు నెలల్లో చేతికొచ్చేది సర్టిఫికెట్ మాత్రమే. దానికి అప్పు చేయడానికైనా సిద్ధపడే తల్లిదండ్రులు ఎంఎస్సీ ప్రవేశ పరీక్ష ఐఐటీ జామ్ ఫీజు దగ్గర వెనకాడుతుంటారు. మీరూ అదే చేస్తుంటే తప్పు మీదే, పిల్లది కాదు.

మీ ఊళ్లోనే కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యా పరిశోధన సంస్థ ఐసర్ ఉంది. వేసవి ప్రాజెక్టు కోసం అక్కడి అధ్యాపకులకు మెయిల్ రాయమనండి. ఈలోగా ఉచితంగా దొరికే, స్ఫటిక నిర్మాణాలు చూపించే మెర్క్యురీ సాఫ్ట్‌వేర్‌లో ఒక డైఎసిటిలీన్ సీఐఎఫ్ ఫైలు (స్ఫటిక నిర్మాణ వివరాలుండే ఫైలు) తెరిచి, ఆ నాలుగు కార్బన్ల వరుసలో ఒక అణువు మొదటి కార్బన్‌కీ పక్క అణువు నాలుగో కార్బన్‌కీ మధ్య దూరం కొలవమనండి. 3.5 ఆంగ్‌స్ట్రాముల దగ్గర ఉంటే, ఎందుకు ఉందో రెండు పేరాల్లో రాసి ఆ మెయిల్‌కే జతచేయాలి.