కూలిన గడిని చేతికి తీసుకున్న మేనకోడలికి

తల్లీ,

నువ్వు పంపిన గడి ఫొటోలు, ఆ పాత దొరల కోటలాంటి ఇంటి ఫొటోలు, రెండు రోజులుగా చూస్తూనే ఉన్నాను. ముందు బురుజు సగం జారిపోయింది. లోపల మిద్దె మధ్యలోంచి ఆకాశం కనిపిస్తోంది. అయినా దర్వాజ కమాను చెక్కుచెదరలేదు చూశావా, అక్కడే నాకు ధైర్యం వచ్చింది. ముందు భాగంలో ఊరి పిల్లలకు లైబ్రరీ, వెనక వచ్చిపోయేవాళ్ళకు నాలుగు గదులు అన్నావు. మంచి ఆలోచన. ఫోన్‌లో చెబితే సగం గాలికి పోతుంది, అందుకే కూర్చుని రాస్తున్నాను. ముప్పై ఏళ్ళకు పైగా పాత కట్టడాల మరమ్మతులే చేసినవాణ్ణి, నా మాట కాస్త పట్టించుకో.

ఈ వానాకాలం పని మొదలుపెట్టొద్దు. మీ ఆయనకు తొందరగా ఉందని తెలుసు, ఆయనకూ ఇదే చెప్పు. మిద్దె మీద పేరుకున్న మట్టి, చెత్త తీయించండి. నీళ్ళు పోయే తూములు శుభ్రం చేయించండి. కూలిన చోట టార్పాలిన్ కప్పించి, వంగిన దూలాల కింద సర్వీ బాదులు నిలబెట్టించండి. అంతవరకే. ఆ తర్వాత గట్టి వాన పడిన రోజు గొడుగేసుకుని బయట చుట్టూ తిరిగి చూడు. చుక్క ఎక్కడ పడుతోంది, ఏ గోడ మొదట్లో నీళ్ళు నిలుస్తున్నాయి, ఏ మూల ముందు తడుస్తోంది, అన్నీ నోట్‌బుక్‌లో రాసుకో. లోపలి గోడ మీద తేమ ఎంతవరకు ఎక్కిందో చాక్‌పీసుతో గీత గీసి, పక్కన తేదీ వెయ్యి. వారం తర్వాత మళ్ళీ గీయి. కూలిన కట్టడాలను నేను చూసినంతవరకు, పదింటిలో ఎనిమిది చోట్ల నీళ్ళే కారణం. నీళ్ళ దారి తెలియకుండా చేసిన మరమ్మతు నిలవదు.

పగుళ్ళ సంగతి కూడా ఈ నాలుగు నెలల్లోనే తేల్చుకోవాలి. పగులుకు అడ్డంగా సన్నని గాజు ముక్క పెట్టి, రెండు చివర్లూ ప్లాస్టర్‌తో గోడకు అతికించు. వానలు వెళ్ళేదాకా గాజు అలాగే ఉంటే ఆ పగులు పాతది, దాని పని అది ముగించుకుంది. గాజు విరిగితే మాత్రం గోడ ఇంకా కదులుతోందన్నమాట. అప్పుడు పునాది చూడ్డానికి స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవండి. పాత కట్టడాల మీద పనిచేసిన మనిషే కావాలి, స్లాబులు మాత్రమే తెలిసినవాడు వద్దు. స్లాబుల ఇంజనీరు పగులు చూడగానే ఇనుము, కాంక్రీటు అంటాడు.

ఇప్పుడు సిమెంటు గురించి. ఇది నా తప్పు కూడా, కాబట్టి దాచకుండా చెబుతాను. ఉద్యోగంలో కొత్తగా ఉన్నప్పుడు ఒక పాత రాతి భవనానికి గచ్చు పెళ్ళలుగా రాలుతోందని మొత్తం గీకించి, సిమెంటు పూత వేయించాను. ఆరు నెలలు అద్దంలా మెరిసింది. మూడో వానాకాలానికి పూత ఉబ్బింది. చేత్తో తడితే లోపల డొల్ల శబ్దం వచ్చింది. ఊడిన చోట చూస్తే రాయి పైపొర కూడా పిండిలా దాంతోపాటే వచ్చేసింది. రెండు వందల ఏళ్ళు నిలిచిన రాయిని నేను మూడేళ్ళలో పాడుచేశాను. కారణం తర్వాత అర్థమైంది. పాత గోడలు నేలలోంచి తేమ పీలుస్తాయి, సున్నం పూతలోంచి ఆ తేమను బయటికి వదిలేస్తాయి. సిమెంటు వేస్తే బయటికి దారి మూసుకుపోతుంది. తేమ లోపలే ఉండిపోయి, దాంతో వచ్చిన ఉప్పు పూత వెనక గడ్డకట్టి ఇటుకను, రాతిని లోపలినుంచి పొడి చేస్తుంది. అందుకని ఆ గడిలో ఒక్క తట్ట సిమెంటు కూడా పాత గోడకు తగలనివ్వకు. ప్లాస్టిక్ పెయింట్లు, వాటర్‌ప్రూఫ్ పూతలు కూడా అంతే. గోడలకు సున్నమే వేయించు.

డంగు సున్నం తెలిసిన మేస్త్రీలు ఇంకా ఉన్నారు, వెతకాలి. కాల్చిన సున్నపురాయిని తొట్టిలో వేసి నీళ్ళు పోస్తే బుసబుసా పొంగి ఉడుకుతుంది. ఆ సమయంలో పిల్లల్ని దగ్గరికి రానివ్వకు, కంట్లో పడితే చూపు పోతుంది. చల్లారిన ముద్దను నీళ్ళ అడుగున కనీసం మూడు వారాలు నాననివ్వాలి, ఎక్కువ నానితే ఇంకా మంచిది. తర్వాత ఇసుక, ఇటుక పొడి కలిపి గానుగ పట్టిస్తారు. ఎద్దుల గానుగ దొరక్కపోతే మోటారు గానుగ చాలు. కరక్కాయలు, బెల్లం నానబెట్టిన నీళ్ళు కూడా పోస్తారు. సరిగ్గా కుదిరిన సున్నం వెన్నలా ఉంటుంది, తాపీని తలకిందులు చేసినా జారదు. మేస్త్రీ నీ ఎదుట అలా చేసి చూపించాకే పని మొదలుపెట్టమను. పూత వేశాక తడి గోనెపట్టాలు కట్టి నీడలో ఆరనివ్వాలి. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని మళ్ళీ రాయిగా మారడానికి నెలలు పడుతుంది. దాన్ని తొందరపెట్టలేం.

బురుజు మీది రావిమొక్కను ఎవరూ లాగకుండా చూడు. వేళ్ళతోపాటు గోడ కూడా వచ్చేస్తుంది. కాండం కోసి, మొదలుకు మొక్కను చంపే మందు పూసి, ఎండిపోయాక ఆ సందుల్లోకి పల్చటి సున్నం ఎక్కించాలి. టేకు దూలాల విషయంలో మధ్య భాగం చూసి మోసపోకు. గోడలోకి దూరిన కొసల్లోనే తేమ చేరి కుళ్ళుతుంది, చెదలు కూడా అక్కడే మొదలవుతాయి. స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూడు. గట్టిగా ఉన్నంతవరకు ఉంచి, పోయిన కొసను మాత్రమే కోసి కొత్త టేకు ముక్క అతికించే వడ్రంగులు ఉన్నారు. మొత్తం దూలం మార్చాలని చెప్పినవాణ్ణి నమ్మకు. రాలిన ఇటుకలు, రాళ్ళు కూడా లారీకెత్తించొద్దు. ఒక మూలన పేర్పించు, అవన్నీ మళ్ళీ కావాలి.

ఇక కొత్త అవసరాలు. పుస్తకాల బీరువాలు కింద అంతస్తులోనే, నేల మీదే ఉండాలి. పుస్తకాల బరువు మామూలుగా ఉండదు. వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే నీళ్ళే టన్ను బరువు, దాన్ని పాత మిద్దె మీద పెట్టాలని ప్లంబరు అడిగితే ఒప్పుకోకు. పెరట్లో విడిగా స్టాండు కట్టించు. అద్దె గదులకు బాత్రూములు తప్పవు కదా. వాటిని పాత గోడల మధ్య ఇరికించకుండా వెనక పెరటి వైపు, పాత గోడకు కొంత ఎడంగా, కొత్తగా కట్టించు. గోడలో పైపు కారితే కంటికి కనబడేసరికి పునాది నానిపోయి ఉంటుంది. కరెంటు వైర్ల కోసం గోడలు తొలిపించొద్దు. గోడ అడుగంచు వెంబడి, గోడ బయటే గొట్టం వేయించు, కనబడితే కనబడనీ. నువ్వు కొత్తగా పెట్టిన ప్రతిదీ రేపు ఎవరైనా తీసేస్తే పాత గోడకు గాయం లేకుండా రావాలి. నీ తర్వాత వచ్చేవాళ్ళకు వేరే అవసరం ఉండొచ్చు కదా.

కాగితాలు ముందే సరిచూసుకోండి. గడి రాష్ట్ర రక్షిత కట్టడాల జాబితాలో ఉందేమో హెరిటేజ్ తెలంగాణ శాఖలో అడగండి. 2017 హెరిటేజ్ చట్టం ఉంది, అనుమతి లేకుండా ముట్టుకుంటే ఇబ్బంది. వాటాదారుల సంతకాలన్నీ చేతికి వచ్చాకే డబ్బు పెట్టండి. సగం పని అయ్యాక పాలివాళ్ళు కోర్టుకెక్కిన ఇళ్ళు నాకు తెలుసు.

ఇంకొక సంగతి, ఇది ఏ ఇంజనీరూ నీకు చెప్పడు. గడి అంటే నీకు కమానులు, చెక్కడాలు, మీ అత్తింటి జ్ఞాపకాలు. ఊళ్ళో చాలామందికి అది వాళ్ళ తాతలు వెట్టి చేసిన చోటు. చెప్పులు చేత పట్టుకుని నిలబడిన వాకిలి. 1946 తర్వాత తెలంగాణ సాయుధ పోరాటం రోజుల్లో ఎన్ని గడీల మీదికి జనం కదిలారో నువ్వు చదివే ఉంటావు. అందుకే దాన్ని కూలిపోనీ అనేవాళ్ళు ఊళ్ళో ఉంటారు. వాళ్ళతో వాదించకు, వాళ్ళ మాట విను. పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని వాళ్ళకు గుర్తున్నవి రాసుకో. లైబ్రరీలో ఒక గోడ వాళ్ళ మాటలకు ఇవ్వు. దొర పంచాయతీలు చెప్పిన కచ్చేరీ గదిలోనే పిల్లల బల్లలు వేయించు. పెద్ద దర్వాజ పొద్దున్నుంచి సాయంత్రం దాకా తీసే ఉంచు, అతిథులకు పక్క దారి పెట్టు. హైదరాబాద్‌లో కోఠీ రెసిడెన్సీని చూడు. 1800ల మొదట్లో ఇంగ్లీషు దొర కోసం కట్టిన భవనం. 1949లో ఆడపిల్లల కాలేజీ అయ్యింది. ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరున్న మహిళా యూనివర్సిటీ. దొరల మీద తిరగబడిన మనిషి పేరు ఆ స్తంభాల ముందు చదివినప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి.

డబ్బు గురించి బెంగ వద్దు, అంతా ఒక్కసారే చేయక్కర్లేదు. రాజస్థాన్‌లో నీమ్రాణా కోట 1986లో కొన్నవాళ్ళ చేతికి శిథిలంగానే వచ్చింది. కొద్ది గదులతోనే 1991లో హోటల్‌గా తెరిచి, మిగతాది ఏళ్ళ తరబడి బాగు చేసుకుంటూ పోయారు. మనకు దగ్గర్లో కామారెడ్డి జిల్లా దోమకొండ గడి ఉంది, బాగు చేసిన తీరుకు దానికి 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పరిరక్షణ అవార్డు వచ్చింది. ఒక ఆదివారం ఇద్దరూ వెళ్ళి రండి. అక్కడ సున్నం పూతను చేత్తో తాకి చూడండి, అంచులు ఎలా తీర్చారో గమనించండి.

దసరా అయ్యాక నేను వస్తాను. అప్పటికి నీ నోట్‌బుక్, గోడ మీది గీతలు, గాజు ముక్కలు సిద్ధంగా ఉంచు. నాకు తెలిసిన ఒక ముసలి మేస్త్రీని కూడా వెంట తీసుకొస్తాను. ఆయనకు మెట్లెక్కడం కష్టం, దర్వాజ దగ్గర నీడలో ఒక మంచం వేయించు.

నీ మేనమామ