వంద వరకు చెప్పే పాప ఐదు చెంచాలు తేలేకపోతే

ప్రశ్న: మా పాపకు నాలుగేళ్లు నిండాయి. ఒకటి నుంచి వంద వరకు తడబడకుండా అప్పజెబుతుంది. మొన్న భోజనాల వేళ ‘ఐదు చెంచాలు తీసుకురామ్మా’ అంటే గుప్పెట్లో పట్టినన్ని తెచ్చింది. లెక్కపెట్టమంటే ఒకే చెంచాను రెండుసార్లు ముట్టుకుంది. ‘మొత్తం ఎన్ని?’ అని అడిగితే మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టింది. బడిలో రోజూ రెండు పేజీల అంకెలు ఇంటిపనిగా ఇస్తున్నారు, రాయనని ఏడుస్తుంది. పాపకు లెక్కల్లో ఏదైనా లోపం ఉందా? అబాకస్ తరగతులకు పంపమంటారా?
— ఒక తల్లి, అనంతపురం

జవాబు: అమ్మా, మీరు రాసినదాన్ని బట్టి చూస్తే ఇది లోపం కాదు, ఈ వయసు పిల్లల్లో తరచుగా కనిపించే దశే. అంకెల పేర్లను వరుసగా చెప్పడం పాట నేర్చుకోవడం లాంటిది. వస్తువులను లెక్కపెట్టడానికి ఆ వరుస ఒక్కటే చాలదు, ఒక్కో వస్తువుకు ఒక్కో పేరే చెప్పాలి, చివర పలికిన పేరే మొత్తం ఎన్నో చెబుతుందని కూడా తెలియాలి. గెల్‌మన్, గ్యాలిస్టెల్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1978లో వీటిని లెక్కింపు సూత్రాలుగా వివరించారు. మీ పాపకు వరుస వచ్చింది, మిగిలిన రెండూ ఇంకా కుదురుకుంటున్నాయి. అడిగినన్ని కాకుండా గుప్పెడు తెచ్చివ్వడం గురించి కూడా 1990లో కారెన్ విన్ అనే పరిశోధకురాలు రాశారు. పిల్లలకు మొదట ‘ఒకటి’, కొన్ని నెలలకు ‘రెండు’, ఆపైన ‘మూడు’ నికరంగా తెలుస్తాయి, అంతకు మించి అడిగితే చేతికందినన్ని తెస్తారు.

అందువల్ల వందను కొంతకాలం పక్కన పెట్టి, మూడు, నాలుగు, ఐదులతో ఇంట్లోనే పని మొదలుపెట్టండి. సంగటి ముద్దలు చేసేటప్పుడు ‘నాయనకొకటి, అవ్వకొకటి, నీకొకటి’ అంటూ ఒక్కో కంచంలో ఒక్కో ముద్దను పాప చేతనే పెట్టించి, ‘ఎన్ని పెట్టినావు?’ అని అడగండి. మళ్లీ మొదటి నుంచి లెక్కపెడితే విసుక్కోకుండా ‘ఒకటి, రెండు, మూడు... మూడు ముద్దలు’ అని చివరి మాటను మీరే ఒత్తి చెప్పండి. మన భాషలో మూడు ముద్దలు, ముగ్గురు మనుషులు అంటాం కాబట్టి, ఆ రెండు మాటల వెనకా ఉన్నది ఒకే ‘మూడు’ అని పిల్లలు గ్రహించడానికి కంచాలనూ మనుషులనూ పక్కపక్కన చూపడం ఎంతో సాయపడుతుంది.

అనంతపురంలో ఉన్న మీకు బుడ్డలకు, అంటే వేరుశనగ కాయలకు, కొదవ లేదు, వాటికి మించిన లెక్కల సామగ్రి నాకు తోచడం లేదు. కాయ ఒలిచే ముందు ‘లోపల ఎన్ని గింజలుంటాయి?’ అని ఊహించమనండి. ఎక్కువగా రెండుంటాయి, కొన్నింటిలో ఒకటి, కొన్నింటిలో మూడు ఉంటాయి. వేలు పెట్టి లెక్కపెట్టకుండానే చూడగానే రెండో మూడో చెప్పగలగడం సంఖ్యాజ్ఞానానికి పునాది. తర్వాత ఒంటి గింజ కాయల తొక్కలను ఒక వరుసగా, రెండు గింజలవాటిని ఇంకో వరుసగా పేర్పిస్తే, ఏ వరుస పొడుగో పాపే చెబుతుంది. వర్గీకరణ, పోలిక రెండూ అక్కడే వచ్చేస్తాయి. ఒక్కో గుంటలో ఒక్కో గింజ వేస్తూ పోయే వామనగుంటలు కూడా ఈ పనికి ఎంతో అనువైనవి. అయితే గింజలు గొంతుకు అడ్డుపడే ప్రమాదం ఉంది కాబట్టి పెద్దవాళ్లు పక్కన లేకుండా వాటిని పాప చేతికి ఇవ్వవద్దు.

ఇక రాత విషయం. చిన్న తరగతుల్లో చదువు, లెక్కల పునాది కోసం 2021లో కేంద్రం ప్రారంభించిన నిపుణ్ భారత్ పథకం లక్ష్యాల్లో బాలవాటిక (ఒకటో తరగతికి ముందు తరగతి) పిల్లలు గుర్తించి చదవవలసిన అంకెలు 10 వరకే ఉన్నాయి, 99 వరకు చదవడం, రాయడం ఒకటో తరగతికి ఉద్దేశించినవి. ఈ సంగతి చెప్పి, పేజీలు తగ్గించమని పంతులమ్మగారిని మర్యాదగా, కానీ గట్టిగా అడగండి. అబాకస్ ఇప్పుడు వద్దు, పూసల లెక్క వెనకున్న పరిమాణం పాపకు ఇంకా చేతికి అందలేదు.

ప్రశ్న: గింజలు కొలిచేటప్పుడు మా నాన్నగారు ‘ఒకటి’ అనకుండా ‘లాభం, రెండు, మూడు’ అంటారు. మూడేళ్ల మనవడు కూడా అలాగే అంటున్నాడు. మాన్పించాలా?
— ఒక తండ్రి, కర్నూలు

జవాబు: మాన్పించవద్దు. కొలతలో మొదటిదాన్ని లాభమంటారని చెబితే చాలు, మిగతా చోట్ల మీరు ‘ఒకటి’ అంటుంటే వాడూ అంటాడు. తాతగారి పక్కన కూర్చుని పడితో కొలవడం ఆ వయసుకు గొప్ప అవకాశం. వీలైతే చెంబు నీళ్లను ఒకసారి పొడుగు గ్లాసులో, ఇంకోసారి వెడల్పు గిన్నెలో పోయించండి. పొడుగు గ్లాసులోనే ఎక్కువున్నాయని వాడు అనవచ్చు. ఆరేడేళ్లు వచ్చేదాకా పిల్లలు సాధారణంగా అలాగే అనుకుంటారని పియాజే అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఏనాడో గమనించారు. తప్పని సరిదిద్దకుండా, నీళ్లను తిరిగి అదే చెంబులో పోసి చూసుకోనివ్వండి.